నీరడగని నిప్పుపూలు

కళ్యాణదుర్గం: మృగశిరలో రెండు వానలు కురిసి మొహం చాటేశాయి. శ్రావణం సగం గడిచినా చినుకు జాడ లేదు. ఊరి బయట వేరుసెనగ చేలు ఆకు ముడుచుకుని ఆకాశం వంక చూస్తున్నాయి. వీధి కుళాయికి నాలుగు రోజులకోసారి నీళ్లు. బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు అరుగుల మీద కాచుకుని కూర్చుంటారు. ఇటువంటి చోట ఇంటి ముందు పూలమొక్క పెంచుకోవడమంటే దురాశే అనిపిస్తుంది. అంట్లు కడిగిన నీళ్లు పోసి బతికించుకున్న మల్లెపొదలు కూడా చాలా ఇళ్ల ముందు ఎండి పుల్లలయ్యాయి.

ఈ ప్రాంతంలోని ఒక చిన్న పల్లెలో, ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటి ప్రహరీ మీద మాత్రం నిప్పు రాజుకున్నట్టు పూలు విరగబూశాయి. కింద పసుపు, పైన ఎరుపు. రేకులన్నీ మంట నాలుకల్లా పైకి లేచి వంకరలు తిరిగి ఉన్నాయి. దారిన పోయేవారు ఆగి చూడకుండా ఉండలేరు. ఆటోలో పోయేవారు సైతం తల బయటపెట్టి ఇది కాగితం పువ్వా, నిజం పువ్వా అని అడుగుతున్నారు.

ఆ ఇంటి ఇల్లాలు అందరికీ ఒకే జవాబు చెబుతారు. "నిజం పువ్వే. కన్నారా చూడండమ్మా. చేతులు మాత్రం పెట్టాకండి."

ఎందుకు పెట్టకూడదు? నీళ్లు లేని ఊళ్లో ఇంత అందంగా పూసే తీగను అందరూ ఎందుకు పెంచుకోవడం లేదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ తీగ వేళ్లలోనే ఉంది. దాని పేరు అడవినాభి. దాన్ని కాపాడే గడ్డే మనిషి ప్రాణం కూడా తీయగలదు.

పేర్లలోనే కథ

అడవినాభిని మన పెద్దలు అనేక పేర్లతో పిలిచారు. పువ్వును చూసినవారు అగ్నిశిఖ అన్నారు. గడ్డను చూసినవారు పొత్తిదుంప అన్నారు, కలప్పగడ్డ అన్నారు. తమిళంలో కలప్పై అంటే నాగలి. సంస్కృతంలో దీని పేరు లాంగలి. లాంగలమన్నా నాగలే. నేల తవ్వి చూస్తే ఈ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. గడ్డ రెండు చేతులుగా చీలి, వంగి, అచ్చం నాగలి ఆకారంలో ఉంటుంది. ఇక నాభి అన్నది వత్సనాభి అనే మరో విషపు గడ్డ పేరు. అంటే పేరు పెట్టినప్పుడే పెద్దలు హెచ్చరిక కూడా పెట్టారన్నమాట.

వృక్ష శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి గ్లోరియోసా సుపర్బా అని నామకరణం చేశారు. వైభవం కలది, అతి శ్రేష్ఠమైనది అని ఆ లాటిన్ మాటలకు అర్థం. ఆఫ్రికా నుంచి భారతదేశం, శ్రీలంక మీదుగా ఆగ్నేయాసియా వరకు ఇది సహజంగా పెరుగుతుంది. మన తూర్పు కనుమల్లో, నల్లమల, శేషాచలం అడవుల్లో పొదల మీద పాకుతూ కనిపిస్తుంది. ఒకప్పుడు చేను గట్ల మీద, కలబంద, బొమ్మజెముడు కంచెల మధ్య కూడా తరచు కనిపించేది.

పొరుగున ఉన్న తమిళనాడు దీన్ని తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. వారు సెంగాందళ్ అంటారు. ఈశాన్య రుతుపవనాలతో అక్కడ కార్తీకంలో బాగా పూస్తుంది కనుక కార్తిగై పువ్వు అని కూడా అంటారు. సంగం కాలపు తమిళ కవులు కన్నెపిల్లల వేళ్లను ఈ రేకులతో పోల్చారు. సముద్రానికి ఆవల ఆఫ్రికాలోని జింబాబ్వేకు ఇది జాతీయ పుష్పం. ఆ దేశం దక్షిణ రొడీషియాగా ఉన్న రోజుల్లో, 1947లో, అక్కడి పిల్లలు రాకుమారి ఎలిజబెత్ 21వ పుట్టినరోజుకు ఈ పువ్వు ఆకారంలో చేయించిన వజ్రాల పతకాన్ని బహూకరించారు. ఆ గౌరవాలన్నీ అందుకున్న పువ్వే మన కంచెల్లో పిచ్చిమొక్కలా పడి ఉంది.

ఆకు కొసే చెయ్యి

ఈ తీగ పాకే విధానం చూడముచ్చటగా ఉంటుంది. కాకర, బీర తీగలకు ఉన్నట్టు దీనికి విడిగా నులితీగలు ఉండవు. ఆకు కొసే సన్నగా సాగి, ఉంగరంలా చుట్టుకుని, దొరికిన పుల్లను పట్టుకుంటుంది. ఒక్కొక్క ఆకూ ఒక్కొక్క చెయ్యి. అలా పట్టుకుంటూ ఆరు నుంచి పది అడుగుల వరకు ఎగబాకుతుంది. అయితే ఆ పట్టు సన్నని పుల్లల మీద, దారాల మీదనే. లావుపాటి స్తంభాన్ని, నున్నటి గోడను అది పట్టుకోలేదు. తీగ పాకడం లేదని బెంగపడేవారు ముందుగా చూసుకోవలసింది ఇదే.

మొగ్గ తల వంచుకుని ఆకుపచ్చగా వేలాడుతుంది. విచ్చుకోగానే ఆరు రేకులూ వెనక్కి మడిచినట్టు పైకి లేస్తాయి. మొదట పచ్చదనం కలిసిన పసుపు. తరువాత అడుగున పసుపు నిలిచి కొసలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆపైన రేకంతా కుంకుమ రంగు. ఒక్క పువ్వు వారం పది రోజుల పాటు రాలకుండా ఉంటుంది కనుక, ఒకే తీగ మీద ఒకే రోజున పసుపు, నారింజ, ఎరుపు పూలు మూడూ కనిపిస్తాయి. ఇవి మూడు రకాల పూలు కాబోలని చాలామంది పొరబడతారు.

రేకులు పైకి లేస్తే, పుప్పొడి మోసే ఆరు కేసరాలు గొడుగు పుల్లల్లా పక్కలకు చాచుకుని ఉంటాయి. కీలం మాత్రం మొదట్లోనే లంబకోణంలో పక్కకు తిరిగి దూరంగా జరుగుతుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరవేస్తాయి. అవి రాకపోతే కాయ కట్టడం తగ్గిపోతుంది.

నీళ్లు లేకున్నా ఎలా?

అనంతపురం జిల్లా వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. అది కూడా సకాలంలో పడుతుందన్న నమ్మకం లేదు. ఇటువంటి చోట బతికే మొక్కలకు రెండు దారులు. కలబంద, బ్రహ్మజెముడు వంటివి ఆకుల్లో, కాండాల్లో నీళ్లు దాచుకుని ఏడాది పొడవునా ఎండను ఎదుర్కొంటాయి. అడవినాభి ఎండతో పోరాడదు. ఎండ రాకముందే నేలలో దాక్కుంటుంది.

తొలకరి పడి నేల తడిస్తే గడ్డ మొలకెత్తుతుంది. నెలన్నర, రెండు నెలల్లో పూత మొదలవుతుంది. పూతా కాతా సాగుతుండగానే పైన ఆకులు తయారుచేసిన ఆహారమంతా కిందికి దిగి, పాత గడ్డ స్థానంలో కొత్త గడ్డ ఊరుతుంది. పాతది వడలి పోతుంది. చలికాలం నాటికి తీగ పసుపుబారి, ఎండి, గాలికి రాలిపోతుంది. అక్కడ మొక్క ఉండేదన్న గుర్తు కూడా మిగలదు. మాఘం నుంచి వైశాఖం దాకా, పైన నిప్పులు కురుస్తున్నా, ఆ గడ్డ చల్లగా నిద్రపోతుంది. ఆ నాలుగైదు నెలలూ దానికి చుక్క నీరు పోయనక్కరలేదు సరికదా, పోస్తేనే ప్రమాదం. నిద్రలో ఉన్న గడ్డకు తడి తగిలితే కుళ్లిపోతుంది.

అందుకే ఈ తీగ ఎండకు చచ్చేదాని కంటే ప్రేమతో చచ్చేదే ఎక్కువ. ఎండిపోయిందని జాలిపడి రోజూ చెంబుడు నీళ్లు పోసినవారికి మరుసటి ఏడు పూలు ఉండవు.

ఇంట్లో పెంచే తీరు

ఎర్రనేలలు, ఇసుక కలిసిన గరప నేలలు దీనికి అనువైనవి. నీరు నిలిచే నల్లరేగడిలో నాటరాదు. నేల వసతి లేనివారు అడుగున చిల్లులున్న పెద్ద కుండీలో గాని, సిమెంటు తొట్టిలో గాని పెంచుకోవచ్చు. కుండీ వెడల్పు, లోతు అడుగుకు తగ్గకూడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపితే సరిపోతుంది. పచ్చి పేడ వేయరాదు.

మృగశిర, ఆరుద్ర కార్తెలు నాటడానికి తగిన అదను. గడ్డ 50 గ్రాములకు తగ్గకుండా ఉంటే ఆ ఏడే పూస్తుంది. చిన్నగడ్డలు ఒకటి రెండేళ్లు ఆకుతోనే సరిపెడతాయి. నాగలి ఆకారంలో ఉన్న గడ్డకు ప్రతి చేతి కొసన ఒకే ఒక్క మొలక కన్ను ఉంటుంది. ఆలుగడ్డకు మాదిరి ఒంటినిండా కళ్లు ఉండవు. ఆ కొస విరిగితే ఆ చెయ్యి ఇక మొలవదు. కనుక గడ్డలను కోడిగుడ్ల మాదిరి జాగ్రత్తగా పట్టుకోవాలి. రెండు చేతులనూ మధ్యలో విడదీసి రెండు మొక్కలు చేసుకోవచ్చు. కోసిన చోట బూడిద అద్ది, ఒకరోజు నీడన ఆరనిచ్చి నాటడం మంచిది.

గడ్డను నిలువుగా గుచ్చరాదు. రెండు మూడు అంగుళాల లోతున పడుకోబెట్టి, మొలక కొసను పందిరి వైపు తిప్పి, మట్టి కప్పాలి. ఒక్కసారి తడిపి ఊరుకోవాలి. మొలక కనిపించిన తరువాత వాన లేకపోతే వారానికి ఒకటి రెండుసార్లు, వేలు పెట్టి చూసి మట్టి ఆరినప్పుడే నీళ్లు పోయాలి. కూరగాయలు కడిగిన నీళ్లయినా చాలు. సబ్బు నీళ్లు మాత్రం పనికిరావు.

మొలక జానెడు ఎత్తు రాగానే ఆసరా చూపాలి. వెదురు పుల్లలు, ఎండిన పత్తికట్టె, కంది కట్టె, పురికొసలు, సన్నని ఇనుప జల్లెడ, ఏవైనా సరే. లేత కాండం పెళుసు. గాలికి ఊగి విరిగితే ఆ ఏటికి పూత పోయినట్టే. ఉదయపు ఎండ బాగా తగిలి, మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు శ్రేష్ఠం.

గింజలతోనూ పెంచవచ్చు గాని దానికి ఓపిక కావాలి. గింజ మొలవడానికే నెలలు పడుతుంది. మొలిచినది గడ్డ ఊరి పూతకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

తెగుళ్లలో ముఖ్యమైనది నల్లని ఒంటి మీద ఎరుపు, తెలుపు చుక్కలుండే ఒక గొంగళిపురుగు. మిగిలిన పురుగులు దరిచేరని ఈ విషపు ఆకే దానికి ఆహారం. రెండు రోజులు ఏమరితే తీగను మోడు చేస్తుంది. ఇంటి మొక్కకు పురుగుమందు అక్కరలేదు. ఉదయం పూట పుల్లతో ఏరి పారేస్తే చాలు.

ఆకులు పసుపుబారగానే నీళ్లు మానేయాలి. తీగ పూర్తిగా ఎండాక గడ్డలను తవ్వి, నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచుకోవచ్చు. వాన తగలని చోటయితే కుండీలోనే వదిలేయవచ్చు. దాచే పక్షంలో ఎక్కడ దాచాలన్నదే ముఖ్యం. వంటింట్లో మాత్రం కాదు.

గడ్డలోనే గండం

అడవినాభి ఒళ్లంతా విషమే. గడ్డలోను, గింజల్లోను అది అధికం. ఆ విషం పేరు కోల్చిసిన్. వండినా, ఉడకబెట్టినా, ఎండబెట్టినా దాని శక్తి పోదు.

అసలు ప్రమాదం పోలికలో ఉంది. తవ్వి తీసిన గడ్డ చూడడానికి గెనుసుగడ్డలా, అడవిలో దొరికే ఇతర తినే దుంపల్లా ఉంటుంది. అలా పొరబడి ఉడకబెట్టుకుని తిన్నవారు ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఉదంతాలు శ్రీలంక, దక్షిణ భారత వైద్యుల నివేదికల్లో ఉన్నాయి. కాయ పగిలితే లోపల నారింజ ఎరుపు గింజలు పూసల్లా మెరుస్తాయి. చిన్నపిల్లలకు అంతకంటే ఆకర్షణ మరొకటి ఉండదు. ఆకు మేసిన పశువులకూ ఇది ప్రాణాంతకమే.

తిన్న కొద్ది గంటల్లో నోరు, గొంతు మండుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. చూసేవారు కలరా అనుకుంటారు, తిండి పడలేదనుకుంటారు. వాంతులు తగ్గితే గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కాని ఈ విషం దొంగదెబ్బ తీస్తుంది. ఆ తరువాతి రోజుల్లో మూత్రపిండాలు, ఊపిరి, గుండె దెబ్బతింటాయి. రక్తకణాలు పడిపోతాయి. బతికి బయటపడినవారికి సైతం ఒకటి రెండు వారాలకు జుట్టు కుచ్చులుగా రాలిపోతుంది.

దీనికి మామూలుగా ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు లేదు. వీలైనంత త్వరగా వైద్యం అందించి శరీరాన్ని నిలబెట్టడమే మార్గం. కనుక అనుమానం వచ్చిన మరుక్షణం, లక్షణాల కోసం కాచుకోకుండా, 108కు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి తరలించాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం, పసరు పోయడం వంటి పనులతో సమయం వృథా చేయరాదు. తిన్న గడ్డ ముక్కనో, తీగ కొమ్మనో సంచిలో వేసి వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించాలి. ఏం తిన్నారో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

పల్లెల్లో కొన్ని పాత అలవాట్లు ఇంకా పూర్తిగా పోలేదు. పురుడు సులువవుతుందని ఈ గడ్డ నూరి పొత్తికడుపుకు పూయడం, పాముకాటుకు, తేలుకాటుకు వాడడం ఒకప్పుడు ఉండేది. ఆయుర్వేదం కూడా దీన్ని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేయకుండా వాడరాదని శాసించింది. చెట్టు మందు కదా, ఏమీ కాదులే అనుకోవడానికి ఇక్కడ తావు లేదు. ఇంటివైద్యంగా దీన్ని లోపలికీ, పైకీ దేనికీ వాడకూడదు.

మందుగా మారే విషం

విచిత్రమేమంటే చంపే ఆ పదార్థమే, వైద్యుని చేతిలో కొలతగా పడితే, మందు. కోల్చిసిన్‌ను 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెల్లెటియర్, కావెంటూలు ఐరోపాలో దొరికే ఒక బంధువు మొక్క నుంచి వేరుచేశారు. కాలి బొటనవేలి కీలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి పుట్టే గౌట్ వ్యాధికి నేటికీ డాక్టర్లు రాసే మందుల్లో ఇదొకటి. గుండెపోటు ముప్పు ఉన్నవారికి అతి తక్కువ మోతాదులో దీన్ని వాడేందుకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. 1937లో ఇది మొక్కల కణాల్లో క్రోమోజోములను రెట్టింపు చేయగలదని తేలింది. గింజల్లేని పుచ్చకాయ మన పళ్లెంలోకి వచ్చింది ఆ దారినే.

ఆ అవసరమే ఈ పిచ్చితీగను పంటగా మార్చింది. తమిళనాడులోని కరూర్, దిండిగల్, తిరుప్పూర్ జిల్లాల మెట్ట రైతులు దీన్ని ఇనుప తీగల పందిళ్ల మీద, ఎండకు తట్టుకునే కంచె మొక్కల మీద పాకించి సాగు చేస్తున్నారు. వారికి కావలసింది పువ్వు కాదు, గింజ. సీతాకోకచిలుకల కోసం ఎదురుచూడకుండా, ఉదయం పూట కూలీలు చేనంతా తిరిగి, ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వు కీలాగ్రానికి చేత్తో అద్దుతారు. ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. అలా కట్టిన కాయల గింజలు మందుల కంపెనీలకు చేరతాయి. జాతీయ ఔషధ మొక్కల మండలి సాగుకు ప్రాధాన్యమిచ్చిన 32 మొక్కల్లో ఇది కూడా ఉంది.

వానాధార రైతుకు ఇది ఆశ చూపే పంటే. కాని గడ్డల ఖరీదు ఎక్కువ, గింజ ధర ఏడాదికో తీరు, కొనేవారు కొద్దిమంది. కొనుగోలుదారు ఎవరో తేల్చుకోకుండా దిగడం మంచిది కాదు. ఇంటి ముందు ఒక కుండీ వేరు, ఎకరం పొలం వేరు.

కంచెలు పోతే తీగ ఎక్కడ?

పంటగా పెంచేవారు కొందరయితే, అడవిలో తవ్వుకునేవారు మరికొందరు. గింజ కోస్తే తీగ మిగులుతుంది, గడ్డ తవ్వితే వంశమే పోతుంది. దీనికి తోడు పాత ముళ్లకంచెల స్థానంలో రాతి కూసాలు, ముళ్లతీగలు వచ్చాయి. రోడ్లు వెడల్పయ్యాయి. పాకడానికి పొద లేక, పడుకోవడానికి కదలని నేల లేక, అడవినాభి పల్లె పొలిమేరల నుంచి జరిగిపోతోంది.

మాస్టారి ఇంటి తీగ కూడా అలా దిక్కులేక వచ్చినదే. కొన్నేళ్ల క్రితం రోడ్డు పని కోసం ఒక పాత కంచెను యంత్రంతో పెకలిస్తుంటే మట్టిపెళ్లల్లో రెండు గడ్డలు బయటపడ్డాయి. ఆయన వాటిని రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చారు. "తినే దుంపలనుకున్నాను, కూర చేస్తానని కత్తిపీట కూడా తీశాను" అని ఆ ఇల్లాలు నేడు నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వు వెనుక భయం ఇంకా ఉంది. మాస్టారు పెరటి నుంచి కేక వేసి ఆపకపోతే ఏమయ్యేదో ఆమెకు తెలుసు.

ఉంచాలా, పీకేయాలా?

బెంగళూరులో ఉంటున్న కుమార్తె నాలుగేళ్ల కొడుకును తీసుకుని సెలవులకు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఈ తీగ మీద పెద్ద తగవే నడిచింది.

"ఇంత విషమని తెలిసీ ఇంట్లో పెట్టుకుంటారామ్మా? పీకి పారేద్దాం" అన్నది కూతురు.

"వాకిట్లో గన్నేరు ఉంది కదే. నీ చిన్నప్పటి నుంచీ ఉంది. దాని కాయ తిన్నా అంతే కదా? తెలియక పెంచితే ఏదైనా విషమే" అని తల్లి సమాధానం.

మాస్టారు ఇద్దరి మాటా కాదనలేదు. తీగ ఉంటుంది, కాని ఇకపై మునుపటిలా కాదన్నారు. గుమ్మం పక్కన ఉన్న కుండీలను ప్రహరీ మూలకు మార్చి చుట్టూ నడుమెత్తు ఇనుప జల్లెడ కట్టించారు. "విషపు మొక్క, ముట్టరాదు" అని రేకు మీద రాసి వేలాడదీశారు. కాయ పచ్చిగా ఉండగానే కోసి, కాగితంలో చుట్టి, లోతుగా పాతిపెడుతున్నారు. గింజ ఎర్రబడేదాకా తీగ మీద ఉండనివ్వరు. గడ్డలు తవ్వేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుంటారు, ఆ తరువాత సబ్బుతో కడుక్కుంటారు. తవ్విన గడ్డలు తాళం వేసిన రేకు పెట్టెలో, పేరు రాసిన సంచిలో ఉంటాయి. మేకలు వచ్చే దిక్కున ముళ్లకంప వేశారు.

మనవడికి మాత్రం తాత ఈ తీగ కథ రోజుకు ఒకసారి చెప్పారు. నిప్పు చూడొచ్చు, ముట్టుకుంటే కాలుతుంది, ఇది కూడా అంతే అని. సెలవులు ముగిసే నాటికి వీధి పిల్లలు గేటు దగ్గరికి వస్తే ఆ పసివాడే అడ్డం నిలబడి "చూడండి, ముట్టాకండి" అంటున్నాడు.

ఇలా కాపు కాయడానికి తీరిక లేని ఇళ్లు, పాకే పిల్లలున్న ఇళ్లు, మేకలు, ఆవులు విడిగా తిరిగే వాకిళ్లు ఈ తీగకు తగినవి కావు. అటువంటివారికి శంఖుపుష్పం ఉండనే ఉంది. అది కూడా ఎండకు తట్టుకుంటుంది, తక్కువ నీటితో నీలంగా, తెల్లగా పూస్తుంది, పూజకూ పనికివస్తుంది. దాని గింజలు కూడా పిల్లల నోట్లో పడకుండా చూసుకుంటే చాలు. అడవినాభి అందరికీ చెప్పే మొక్క కాదు. తెలిసి, ఒప్పుకుని, జాగ్రత్త పడగలవారికే అది శోభ. కావాలనుకునేవారు సైతం అడవికి గునపం పట్టుకుని పోరాదు. సాగుచేసే రైతుల దగ్గరో, నమ్మకమైన నర్సరీలోనో గడ్డలు అడిగి తెచ్చుకోవాలి.

మార్గశిరం వచ్చేసరికి మాస్టారి ప్రహరీ బోసిపోతుంది. ఎండిన తీగలను దులిపేస్తే మిగిలేది మట్టి కుండీలే. కొత్తగా వచ్చినవారు ఆ ఖాళీ కుండీలు చూసి, నీళ్లు లేక చచ్చిపోయిందా అక్కా అని జాలిగా అడుగుతుంటారు. చచ్చిపోలేదు, పడుకుంది, మృగశిరకు లేస్తుంది అని ఆమె చెబుతారు. ఆ ఊళ్లో అందరూ వాన కోసమే ఎదురుచూస్తారు. పెట్టెలో తాళం వేసి ఉన్న ఆ రెండు గడ్డలూ అంతే.